గృహప్రవేశానికి ముందే ముప్పై టన్నులు

శంషాబాద్ పరిసరాల్లో కొత్తగా కట్టిన అపార్టుమెంటు. అందులో వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు. ఇంకా పాలు పొంగించలేదు, ఫ్యాను తిరగలేదు, కరెంటు మీటరు సున్నా దగ్గరే ఉంది. అయినా ఆ ఫ్లాటు పేరు మీద అప్పటికే సుమారు ముప్పై టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోయి ఉంటుంది. ఆ అంకె ఎలా వస్తుందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చూద్దాం. కాగితం మీద కూడికలూ హెచ్చవేతలే గానీ, చివర్లో ఒక భాగహారం ఉంది. తంటా అంతా దానితోనే.

2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికి మారాయి. అదే ఏడాది నవంబరులో ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి–శంషాబాద్ ముక్క తెరుచుకుంది. మరుసటి ఏడాది మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. అంతే, జొన్న చేలూ ద్రాక్షతోటలూ ఉన్న నేల వెంచర్లుగా మారిపోయింది. బెంగళూరు రోడ్డు పొడవునా ఆరాంఘర్ నుంచి కొత్తూరు దాకా చూస్తూ పోతే సగం కట్టిన స్లాబులు, రెడీమిక్స్ ప్లాంట్లు, ఇనుప దుకాణాలు వరసగా కనిపిస్తాయి. మధ్యమధ్యలో రెడీమేడ్ సిమెంటు పలకలతో ప్రహరీ కట్టి వదిలేసిన ఖాళీ ప్లాట్లు. లోపల ఇల్లు లేదు, తుమ్మ చెట్లున్నాయి. ఇల్లు కట్టకుండానే కర్బనం ఖర్చు పెట్టిన ఘనత ఈ ప్లాట్లది.

విమానాశ్రయం మాత్రం తన కర్బనం పద్దు తాను రాసుకుంటుంది. విమానాశ్రయాల కోసం అంతర్జాతీయంగా నడిచే ఎయిర్‌పోర్ట్ కార్బన్ అక్రెడిటేషన్ కార్యక్రమంలో అది భాగస్వామి. ప్రహరీకి ఇవతల లేస్తున్న వేల ఇళ్లకి అలాంటి పద్దు లేదు. ప్రపంచం మొత్తం మీద ఇంధనం వల్ల, పరిశ్రమల్లో జరిగే రసాయన చర్యల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో మూడో వంతుకు పైగా భవనాలదీ నిర్మాణ రంగానిదీ అని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ నివేదికలు ఏటా చెబుతూనే ఉన్నాయి. అందులో లైట్లు, ఏసీలు, వంట లాంటి వాడకం వల్ల వచ్చేది పెద్ద వాటా. సిమెంటు, ఇనుము, ఇటుక, గాజు, అల్యూమినియం తయారుచేయడం వల్ల వచ్చేది రెండోది. ఈ రెండో దాన్నే ఎంబాడీడ్ కార్బన్ అంటారు. ఇంట్లో ఇమిడిపోయిన కర్బనం అన్నమాట. పెళ్లి ఖర్చుకీ కాపురం ఖర్చుకీ ఉన్న తేడా లాంటిదే ఇది. మొదటిది ఒక్కసారిగా అయిపోతుంది, తర్వాత ఎంత పొదుపుగా బతికినా ఆ డబ్బు వెనక్కి రాదు.

ఈ ఖర్చులో అన్నిటికన్నా పెద్ద వాటా మొదలయ్యేది సున్నపురాయి గనిలో. హైదరాబాదు చుట్టుపక్కలకి వచ్చే సిమెంటులో చాలా భాగం రెండు దిక్కుల నుంచి వస్తుంది: పడమట తాండూరు, తూర్పున మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి. ఆ ఊళ్లలో ఉన్నది సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్. దాన్ని కొలిమిలో 1450 డిగ్రీల దాకా కాల్చి సిమెంటుకి మూలమైన క్లింకర్ తయారుచేస్తారు. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలే. మిగతా 44 కిలోలూ కార్బన్ డయాక్సైడ్‌గా పొగగొట్టం దారి పడతాయి. ఇది బొగ్గు కాల్చినందువల్ల వచ్చింది కాదు, రాయిలోంచి వచ్చింది. కొలిమిని రేపు సోలార్ కరెంటుతో నడిపినా ఈ వాటా తగ్గదు. టన్ను క్లింకర్‌కి రాయి నుంచే అర టన్నుకు పైగా వస్తుంది, దాని మీద ఇంధనం వాటా అదనం. మన దేశంలో సిమెంటు కంపెనీలు ఫ్లైయాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద), స్లాగ్ (ఉక్కు కొలిమి చిట్టెం) బాగానే కలుపుతాయి కాబట్టి సగటున టన్ను సిమెంటుకి 600 నుంచి 700 కిలోల దాకా లెక్క తేలుతుంది.

ఇనుముకి వస్తే కథ మరీ చిక్కు. విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వచ్చిన రాడ్డు వేరు, స్పాంజ్ ఐరన్‌నీ తుక్కునీ ఇండక్షన్ ఫర్నేసులో కరిగించి రోలింగ్ మిల్లులో సాగదీసిన రాడ్డు వేరు. సైటులో దిగాక రెండూ ఒకటే టీఎంటీ. చూపుకి తేడా తెలియదు గానీ, కర్బనం లెక్కలో తేడా చాలా ఉంటుంది. తుక్కు ఎంత కలిసింది, కరెంటు ఎక్కడిది అన్నదాని మీద అది ఆధారపడుతుంది. 2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు శాఖ గ్రీన్ స్టీల్‌కి నిర్వచనం ఇచ్చింది. టన్ను ఉక్కుకి 2.2 టన్నుల లోపు కార్బన్ డయాక్సైడ్ ఉంటే మూడు నక్షత్రాలు, 2 టన్నుల లోపు నాలుగు, 1.6 లోపు అయిదు. 2.2 టన్నులకే నక్షత్రాలు ఇవ్వాల్సి వచ్చిందంటే మామూలు ఉక్కు సంగతి ఊహించుకోవచ్చు.

ఇటుక దగ్గర లెక్కగాడు తల పట్టుకుంటాడు. మన బట్టీల్లో ఇటుకని బొగ్గుతో కాలుస్తారు, కట్టెలతో కాలుస్తారు, వరి ఊకతోనూ కాలుస్తారు. ఊక కాలితే వచ్చే కర్బనం ఆ ఏడాది వరి మొక్క గాలి నుంచి తీసుకున్నదే కాబట్టి దాన్ని విడిగా రాయాలి. బొగ్గు కాలితే వచ్చేది కోట్ల ఏళ్లుగా భూమిలో పడి ఉన్నది. లారీలోంచి దిగిన ఎర్ర ఇటుక మాత్రం తనని ఏది కాల్చిందో చెప్పదు. డేటాబేస్‌లో ఇటుకకి ఒకే అంకె ఉంటుంది, బట్టీలు చూస్తే పది రకాలు. 

కొలిచే పద్ధతి చెప్పడానికి తేలిక. ప్రతి వస్తువూ ఎంత వాడారో రాయాలి, కిలోకి ఎంత కర్బనమో ఆ గుణకంతో హెచ్చవేయాలి, అన్నీ కూడాలి. మొదటి పని మన మేస్త్రీలకి కొట్టిన పిండి. చదరపు అడుగుకి 0.4 బస్తా సిమెంటు, నాలుగు కిలోల ఇనుము అని ఏ మేస్త్రీ అయినా నోటిలెక్కగా చెప్పేస్తాడు. ఆ లెక్కతోనే మన వెయ్యి అడుగుల ఫ్లాటుని తూచి చూద్దాం.

నాలుగు వందల బస్తాలు, అంటే ఇరవై టన్నుల సిమెంటు. ఫ్లైయాష్ కలిపిన పీపీసీ అనుకుని టన్నుకి 0.6 వేస్తే 12 టన్నులు. నాలుగు టన్నుల ఇనుముకి టన్నుకి 2.4 చొప్పున దాదాపు 10. ఎనిమిది వేల ఇటుకలు, బొగ్గుతో కాల్చినవి, ఇటుకకి 400 గ్రాముల చొప్పున 3. టైల్స్, అల్యూమినియం కిటికీలు, రంగులు, పైపులు, వైర్లు అన్నీ కలిపి ఓ 4. ఇసుక, కంకర, లారీల డీజిలు, సైటులో కరెంటు ఇంకో 2. మొత్తం 31 టన్నులు. వెయ్యి చదరపు అడుగులంటే 93 చదరపు మీటర్లు కాబట్టి చదరపు మీటరుకి 330 కిలోలు.

ఈ కూడికలో రెండు సంగతులు గమనించాలి. మొదటిది, సిమెంటూ ఇనుమూ కలిసి మూడింట రెండు వంతులు దాటాయి. రెండోది, రవాణా అనుకున్నంత పెద్దది కాదు. బరువైన లారీ టన్ను సరుకుని ఒక కిలోమీటరు మోస్తే సుమారు వంద గ్రాములు అవుతుంది. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వెయ్యి కిలోమీటర్లు దాటి వచ్చే రెండున్నర టన్నుల టైల్స్‌కి రవాణా వల్ల వచ్చేది 250–300 కిలోలు. వాటిని గ్యాసుతో వెయ్యి డిగ్రీల పైన కాల్చినందుకు టన్ను పైమాటే. దూరం నుంచి వచ్చింది కాబట్టి పాపం అనుకునేవాళ్లు కొలిమినే ముందుగా చూడాలి. తాండూరు నాపరాళ్లు, షాబాదు బండలు ఈ విషయంలో మెరుగు. గనిలో కోసి, నునుపు చేసి, లారీ ఎక్కిస్తే చాలు, కాల్చే పనే లేదు. మన తాతల ఇళ్ల నేల అంతా అదే. ఇప్పుడు దాన్ని పార్కింగుకీ మెట్లకీ పరిమితం చేశాం. మెరుపు తక్కువని తప్ప వేరే కారణం నాకు కనిపించదు.

నా కూడిక నోటిలెక్క. దాన్ని సరిచూసుకోవడానికి మరో దారి ఉంది. బెంగళూరు ఐఐఎస్సీలో బి.వి. వెంకటరామరెడ్డి, కె.ఎస్. జగదీశ్ 2003లో మన దేశపు నిర్మాణ సామగ్రిని తూచి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ దాన్ని తిరగేస్తూనే ఉంటారు. బహుళ అంతస్తుల ఆర్‌సీసీ ఫ్రేము భవనంలో చదరపు మీటరుకి 4.21 గిగాజౌళ్ల శక్తి ఇమిడి ఉంటుందని వాళ్ల లెక్క. గోడల మీదే స్లాబు నిలిచే రెండంతస్తుల ఇటుక ఇంటికి 2.92. సిమెంటు కలిపి అదిమిన మట్టి ఇటుకలతో, పొదుపైన స్లాబుతో కడితే 1.61. మొదటి అంకె తీసుకుని, శక్తి ఎక్కువ భాగం బొగ్గుదే అనుకుని గిగాజౌలుకి 90 కిలోలు వేస్తే మన ఫ్లాటుకి 35 టన్నులు వస్తుంది. రెండు దారులూ ఒకే ఊరికి కాకపోయినా పక్కపక్క ఊళ్లకే చేరాయి. ముప్పై, ముప్పైఅయిదు మధ్య అని చెప్పి ఊరుకోవడం న్యాయం. ముప్పైఒకటి పాయింట్ నాలుగు అని ఎవరైనా చెబితే అనుమానించాలి.

గుణకాల విషయంలో చాలాకాలం మనకి అరువే గతి. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ఐసీఈ పట్టికలే ప్రపంచమంతా వాడారు, మన ఇంజనీర్లూ వాడారు. బ్రిటిష్ ఇటుక బట్టీ అంకె వేసి మన ఇటుకని కొలిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. 2017లో అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ భారత నిర్మాణ సామగ్రికి విడిగా ఒక డేటాబేస్ విడుదల చేసింది. లెక్క అప్పటి నుంచి కాస్త మన నేల మీదికి దిగింది.

హైదరాబాదు ఇంటినే నమూనాగా తీసుకుని జీవితకాలమంతా లెక్క కట్టిన అధ్యయనం ఒకటుంది. అలహాబాద్ ఎన్ఐటీకి చెందిన టి. రమేశ్, రవి ప్రకాశ్, కె.కె. శుక్లా చేసినది, 2012లో అప్లైడ్ ఎనర్జీ పత్రికలో వచ్చింది. 85.5 చదరపు మీటర్ల ఇల్లు. దాని గోడల్ని కంప్యూటర్లో మార్చి మార్చి చూశారు: కాల్చిన ఇటుక, హాలో బ్లాకు, మట్టి సిమెంటు బ్లాకు, ఫ్లైయాష్ ఇటుక, గాలి బుడగలున్న తేలికపాటి ఏఏసీ బ్లాకు. గోడ సామగ్రి ఒక్కటి మారిస్తే ఇంటి జీవితకాలపు శక్తి వినియోగం ఒకటిన్నర నుంచి అయిదు శాతమే తగ్గింది. అదే గోడకీ పైకప్పుకీ థర్మాకోల్ లాంటి ఇన్సులేషన్ వేస్తే 10 నుంచి 30 శాతం తగ్గింది. గోడల్లో ఏఏసీ బ్లాకుకే మంచి మార్కులు పడ్డాయి. ఇదే బృందం అంతకు ముందు 13 దేశాల్లోని 73 భవనాల అధ్యయనాలు పరిశీలించి, జీవితకాలపు శక్తిలో 80–90 శాతం వాడకానిదీ 10–20 శాతం సామగ్రిదీ అని తేల్చింది.

ఇది చదివి చాలామంది ఒక నిర్ణయానికి వచ్చేశారు. సిమెంటు సంగతి వదిలేద్దాం, ఏసీ సంగతి చూద్దాం అని. ఆ రోజుకి అది సబబే. అయితే ఆ లెక్క శక్తిది, కర్బనానిది కాదు. మన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రకారం ఇప్పుడు గ్రిడ్డు నుంచి యూనిట్ కరెంటు వస్తే సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. నెలకి 200 యూనిట్లు వాడే ఇల్లు ఏడాదికి 1.7 టన్నులు వదులుతుంది. యాభై ఏళ్లకి 84 టన్నులు. అప్పుడు మన 31 టన్నుల వాటా నాలుగో వంతు పైచిలుకు. కానీ యాభై ఏళ్లూ గ్రిడ్డు ఇలాగే ఉండదు కదా. సోలారూ గాలిమరలూ పెరిగి ఆ కాలపు సగటు సగానికి దిగితే వాడకం 42 టన్నులకి తగ్గి, సామగ్రి వాటా నలభై శాతం దాటుతుంది. కరెంటు శుభ్రపడిన కొద్దీ సిమెంటు వాటా పెరుగుతుంది. పైగా సిమెంటుది ఇప్పుడే, ఈ ఏడాదే గాలిలో కలిసే పొగ. కరెంటుది విడతల మీద వచ్చేది.

ఇక్కడ శంషాబాద్‌కి ఒక విచిత్రమైన సానుకూలత ఉంది. హైదరాబాదులో ఎఫ్ఎస్ఐకి, అంటే స్థలం మీద ఎంత విస్తీర్ణం కట్టవచ్చన్న నిష్పత్తికి, పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే ఎంత ఎత్తయినా లేపొచ్చు. అందుకే కోకాపేట, నార్సింగి వైపు నలభై, యాభై అంతస్తుల టవర్లు లేస్తున్నాయి. విమానాశ్రయం చుట్టుపక్కల మాత్రం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి ఎత్తు అనుమతి కావాలి. విమానం దిగే దారిలో ఎవరూ టవరు కట్టలేరు. దానికి తోడు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలకి కళ్లెం వేసింది. ఆ గ్రామాల్లో కొన్ని ఈ మండలంలోవే. ఆ జీవో సడలింపు మీద రాజకీయాలు వేరే కథ. కర్బనం కోణంలో చూస్తే, ఎత్తు పెరిగిన కొద్దీ చదరపు అడుగుకి పట్టే ఇనుమూ కాంక్రీటూ పెరుగుతాయి. గాలి తోపుని, భూకంపాన్ని తట్టుకోవడానికి కింది అంతస్తుల స్తంభాలు, షియర్ గోడలు బలిసిపోతాయి. అయిదు అంతస్తుల ఇంటికి నాలుగు కిలోల ఇనుము చాలితే, ఆకాశహర్మ్యానికి ఆరు, ఏడు అవుతుంది. విమానాల కోసం పెట్టిన నిబంధన ఎవరూ అనుకోకుండా కర్బనాన్ని కూడా కాస్త అదుపులో పెట్టింది.

ఎత్తైన టవర్లలో ఇంకో అలవాటు మైవాన్ షట్టరింగ్. అల్యూమినియం అచ్చులు బిగించి గోడలూ స్లాబూ ఒకేసారి కాంక్రీటుతో పోసేస్తారు. వారం, పది రోజులకో అంతస్తు లేస్తుంది, ప్లాస్టరింగ్ పని తగ్గుతుంది, కూలీలు తక్కువ పడతారు. బిల్డరుకి లాభం. కానీ ఇటుకో ఏఏసీ బ్లాకో ఉండాల్సిన గోడ స్థానంలో ఇనుము వేసిన కాంక్రీటు వస్తుంది. మైవాన్ టవరుకి గోడల పద్దులోంచి ఇటుక తీసేసి మురిసిపోకూడదు. అది కాంక్రీటు పద్దులో చేరి కూర్చుంటుంది. ఇక సెల్లార్లు. మన నేల గ్రానైటు. రెండు మూడు సెల్లార్లంటే బండ పగలగొట్టాలి, లారీలకి ఎత్తాలి, రిటైనింగ్ గోడ కట్టాలి. బ్రోషర్లో ఫ్లాటు విస్తీర్ణంతో భాగించి చూపే అంకెలో కార్ల కోసం పోసిన ఈ కాంక్రీటు కలిసిందో లేదో అడిగి తెలుసుకోవాలి.

నిజమైన లెక్క కావాలంటే నోటిలెక్కలు వదిలి రెడీమిక్స్ లారీ దగ్గర నిలబడాలి. స్లాబు వేసే రాత్రి ట్రాన్సిట్ మిక్సర్లు వరసగా వస్తాయి. ప్రతి లారీతోనూ చలానా ఉంటుంది. దాని వెనక ప్లాంటు కంప్యూటరు తీసిన బ్యాచ్ షీటు ఉంటుంది: ఎం30 గ్రేడు, ఎన్ని ఘనపు మీటర్లు, సిమెంటు ఎన్ని కిలోలు, ఫ్లైయాష్ ఎన్ని, స్లాగ్ ఎన్ని, నీళ్లు ఎన్ని, అడ్మిక్స్చర్ ఎంత. డ్రైవరు జేబులో నలిగిన ఆ కాగితమే భవనం కర్బనానికి అసలు రశీదు. సైటు ఇంజనీరు సంతకం పెట్టి బిల్లింగ్ కోసం ఫైలులో కుట్టేస్తాడు. ఆ కాగితాలన్నీ కూడితే అటూ ఇటూ ఊగే అంచనా చాలావరకు కుదురుకుంటుంది. అవి ఎలాగూ ఉన్నాయి, కొత్తగా కొలవాల్సిందేమీ లేదు. కూడేవాళ్లే లేరు.

ఇప్పటిదాకా చెప్పింది ఇల్లు పూర్తయ్యే వరకే. ఐరోపా ప్రమాణం ఈఎన్ 15978 ఇంటి జీవితాన్ని దశలుగా విడగొడుతుంది: సామగ్రి తయారీ, నిర్మాణం, వాడకం, చివరికి కూల్చివేత. వాడకం దశలో కరెంటుతో పాటు మార్పిడులూ వస్తాయి. అయిదారేళ్లకోసారి రంగులు, పదిహేనేళ్లకి బాత్రూము లీకేజీ పుణ్యమా అని టైల్స్ పగలగొట్టడం, యూపీవీసీ కిటికీలు, లిఫ్టు, వంటగది చెక్కపని. విమానాల మోత భరించలేక రెండు అద్దాల కిటికీలు పెట్టించుకునే ఇంటికి అక్కడో అదనం. ప్రతి మార్పిడీ మళ్లీ కొత్త సామానే, మళ్లీ కొలిమే.

కూల్చివేత మనదగ్గర కర్బనం పరంగా పెద్దది కాదు గానీ ఆసక్తికరమైనది. కూల్చే కాంట్రాక్టరు చాలాసార్లు ఎదురు డబ్బిచ్చి పని తీసుకుంటాడు. టేకు ద్వారబంధాలు, కిటికీ ఊచలు, స్లాబులోంచి లాగిన రాడ్లు అన్నిటికీ గిరాకీ ఉంది. వంకర రాడ్డుని సుత్తితో సాపు చేసే కూలీలు నగరం అంచుల్లో ఎక్కడైనా కనిపిస్తారు. మిగిలిన రద్దు కోసం జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో రోజుకి 500 టన్నుల సామర్థ్యమున్న రీసైక్లింగ్ కేంద్రాలున్నాయి. అక్కడికి చేరని రద్దు చెరువు గట్ల మీద తేలుతుంది.

ఇక మొదట్లో చెప్పిన భాగహారం. వేర్వేరు ఇళ్లని పోల్చాలంటే మొత్తం కర్బనాన్ని ఆ ఇల్లు నిలిచే ఏళ్లతో భాగించాలి. బ్రిటన్ సర్వేయర్ల సంస్థ ఆర్ఐసీఎస్ 60 ఏళ్లు వేయమంటుంది. డెన్మార్క్ 50 వేస్తుంది. మన 330 కిలోల్ని 60తో భాగిస్తే చదరపు మీటరుకి ఏడాదికి 5.5 కిలోలు. బాగానే ఉంది. కానీ హైదరాబాదులో ఇల్లు 60 ఏళ్లు నిలుస్తోందా? 1990ల్లో కట్టిన ఇండిపెండెంట్ ఇంటిని పాతికేళ్లకే డెవలప్‌మెంట్‌కి ఇచ్చేయడం మామూలైపోయింది. స్లాబు పాడై కాదు, కింది నేల ధర పెరిగి. బెంగళూరు హైవే వెడల్పయినప్పుడు రోడ్డు పక్క ఇళ్ల ముందు భాగాలు పోయాయి. అదే 330ని 25తో భాగిస్తే 13 దాటుతుంది. 2023లో డెన్మార్క్ పెద్ద భవనాలకి పెట్టిన చట్టబద్ధమైన పరిమితి ఏడాదికి 12 కిలోలు, అదీ కరెంటు, వేడినీళ్లు అన్నీ కలుపుకుని. వాళ్ల పద్ధతీ మన పద్ధతీ అచ్చంగా ఒకటి కాదు, అయినా తేడా ఏ దిక్కున ఉందో తెలుస్తోంది. సిమెంటు గుణకం 0.6 వేయాలా 0.65 వేయాలా అని ఇంజనీర్లు వాదించుకునే చోట ఫలితం పది శాతం కూడా మారదు. ఆయుర్దాయం దగ్గర ఒక్క ఊహ మారితే రెట్టింపవుతుంది. కొలవగలిగినదాన్ని ఇంత జాగ్రత్తగా కొలిచి, అసలైనదాన్ని ఊహించి వదిలేస్తున్నాం.

కర్బనం తగ్గించే దారులన్నీ ఈ ఆయుష్షుతో ముడిపడి ఉన్నాయి. సిమెంటులో క్లింకర్ తగ్గించడం అన్నిటికన్నా సులువైన దారి. పీపీసీలో ఫ్లైయాష్ 35 శాతం దాకా కలపడానికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఒప్పుకుంటుంది. బ్లాస్ట్ ఫర్నేసు స్లాగ్ అయితే 70 శాతం దాకా. 2023లో ఎల్‌సీ3 రకానికి కూడా ఐఎస్ 18189 పేరుతో ప్రమాణం వచ్చింది. కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి పొడి కలిపి క్లింకర్‌ని సగానికి దించే సిమెంటు అది. స్విట్జర్లాండులో పనిచేసిన శాస్త్రవేత్త కారెన్ స్క్రివెనర్ బృందంతో కలిసి ఢిల్లీ, మద్రాసు ఐఐటీలు దాని మీద ఏళ్ల తరబడి పనిచేశాయి. మట్టిని ఎనిమిది వందల డిగ్రీల దాకా కాలిస్తే చాలు, రాయిలోంచి గ్యాసు పోయే పని ఉండదు.

అయినా కాంట్రాక్టరు వీటిని చూసి మొహం చిట్లిస్తాడు. ఎందుకంటే, ఈ సిమెంట్లు మొదటి వారంలో నెమ్మదిగా గట్టిపడతాయి. 28 రోజులకి లెక్క సరిపోతుంది, తర్వాత ముందుకూ పోతాయి. కానీ సెంట్రింగ్ విప్పే రోజు వెనక్కి పోతే అద్దె పెరుగుతుంది. మరో చిక్కు ఇంకా లోతైనది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి మెల్లగా ఇంకి సున్నాన్ని తిరిగి సున్నపురాయిగా మారుస్తుంది. ప్రపంచంలోని సిమెంటు సామగ్రి అంతా ఇలా 1930 నుంచి 2013 వరకు రాయిలోంచి పోయిన వాయువులో 43 శాతాన్ని తిరిగి పీల్చుకుందని 2016లో నేచర్ జియోసైన్స్ పత్రికలో ఒక అంచనా వచ్చింది. పర్యావరణానికి శుభవార్తే గానీ, లోపలున్న ఇనుముకి చావుకబురు. కాంక్రీటు క్షారగుణమే రాడ్డుని తుప్పు నుంచి కాపాడుతుంది. ఆ గుణం పోయిన పొర రాడ్డుని తాకిందంటే తుప్పు మొదలవుతుంది, రాడ్డు ఉబ్బుతుంది, స్లాబు పెచ్చులూడుతుంది. పాత అపార్టుమెంటు పార్కింగులో తలెత్తి చూస్తే ఎర్రటి ఊచలు పళ్లు ఇకిలిస్తూ కనిపిస్తాయి.

ఈ పొర లోపలికి నడిచే వేగానికి ఒక లెక్కుంది. లోతు కాలపు వర్గమూలంతో పెరుగుతుంది. ఇరవై మిల్లీమీటర్లు దాటడానికి 60 ఏళ్లు పట్టే కాంక్రీటులో పది మిల్లీమీటర్లకి 15 ఏళ్లు చాలు. రాడ్డుకి కింద ఉండాల్సిన కాంక్రీటు కవరు సగమైతే కాలం నాలుగో వంతే మిగులుతుంది. స్లాబుకి కనీసం 20 మిల్లీమీటర్లు, స్తంభానికి 40 ఉండాలని కాంక్రీటు నిర్మాణాల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఆ దూరాన్ని నిలబెట్టేది కవర్ బ్లాకు, రెండు మూడు రూపాయల సిమెంటు బిళ్ల. అది లేక రాడ్డు కింద కంకర రాయి పెట్టే సైట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఒక పక్క రాడ్లు ‘ఎందుకైనా మంచిది సార్’ అని రెండు ఎక్కువ వేస్తారు, ఇంకో పక్క వాటిని కాపాడే బిళ్లలు ఎగ్గొడతారు. కర్బనం లెక్కలో మొదటిది లవాన్ని పెంచడం, రెండోది హారాన్ని కోయడం.

ఫ్లైయాష్, స్లాగ్ ఎక్కువున్న కాంక్రీటులో ఈ పొర ఇంకాస్త వేగంగా నడుస్తుంది, ముఖ్యంగా సరిగా నీళ్లు పట్టనప్పుడు. కాబట్టి క్లింకర్ తగ్గించి పైన మిగిల్చిన కర్బనాన్ని క్యూరింగ్ ఎగ్గొట్టి కింద పోగొట్టుకోవచ్చు. మామూలు సిమెంటుకి ఏడు రోజులు, ఫ్లైయాష్ కలిపినదానికి పది రోజులు నీళ్లు పట్టాలనీ, పొడి ఎండాకాలమైతే దాన్ని పధ్నాలుగు రోజులకి పెంచడం మేలనీ అదే ఐఎస్ 456 చెబుతుంది. మే నెలలో శంషాబాద్ సైట్లలో నీళ్లంటే ట్యాంకరే. స్లాబు మీద మడి కట్టి నీళ్లు నింపడం ఎలాగోలా జరుగుతుంది. నిలువు స్తంభాలకి గోనె పట్టాలు చుట్టి, రోజుకి మూడు నాలుగుసార్లు తడపాలి. మూడో రోజుకే పట్టా ఎండి తెల్లబడి కనిపిస్తే, ఆ స్తంభం ఎన్నేళ్లు నిలుస్తుందని లెక్కలో రాసుకున్న అంకెని అక్కడే తగ్గించుకోవాలి.